పైరోఏ మ్యుటెంట్ ప్లేట్ల మీద పెరగట్లేదు, ఒక్క బి6 లేకపోతేనే ఇంతలా ఆగిపోతుందా?

తెల్లబూజు
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్ట్ కోసం ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ అనే ఫంగస్ (బూజు) స్ట్రెయిన్లు రెండు ఇచ్చారు, ఒకటి మామూలుది, ఇంకోటి పైరోఏ4 అనే మ్యుటెంట్, అంటే పైరోఏ అనే జీన్ చెడిపోయినది. స్లాంట్ (స్టాక్ దాచే ఏటవాలు ఆగర్ ట్యూబు) మీద రెండూ చక్కగా ఆకుపచ్చగా ఉన్నాయి, ఏ తేడా లేదు. మినిమల్ మీడియం (చక్కెర, లవణాలు మాత్రమే ఉన్న ఆగర్) పోసి రెండిటినీ పెట్టి 37 డిగ్రీల్లో ఇంక్యుబేటర్లో పెట్టా, రెండు రోజులకి మామూలుది రూపాయి బిళ్ళంత కాలనీ కట్టింది, మ్యుటెంట్ పెట్టిన చోట మాత్రం ఏదో సాలెగూడు పోగులాగా పల్చగా, గుడ్డి వెలుతుర్లో ఐతే కనపడదు, ప్లేట్ ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తుంది. స్టాక్ చచ్చిపోయిందేమో అని భయమేసి మళ్ళీ మొదట్నుంచి చేశా, మళ్ళీ అంతే. సీనియర్ని అడిగితే "దానికి పైరిడాక్సిన్ వెయ్యాలి కదా" అని ఒక్క మాటనేసి వెళ్ళిపోయారు. అంటే బి6 విటమిన్. ఫంగస్‌కి విటమిన్ ఏంటి, మనం తింటేనే కదా మనకి కావాల్సింది? ఒక్క జీన్ పోతే పెరుగుదల మొత్తం ఎందుకు ఆగిపోతుంది? ఆగిపోతే మరి ఆ పల్చటి పోగులెందుకు వచ్చాయి? దయచేసి ఎవరైనా మొదట్నుంచీ చెప్పండి.

ల్యాబ్‌లో రాత్రులు
చెల్లీ నీ స్టాక్‌కి ఏమీ కాలేదు, కంగారు పడకు. నేను ఇక్కడ అమెరికాలో ఇదే ఫంగస్‌తో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నా, మొదటి నెల్లో నేనూ ఇలాగే రెండు వారాలు పోగొట్టుకున్నా.

విటమిన్ అనేది తినేదానికి పేరు కాదు, కణానికి పనిముట్టు. బి6 శరీరంలో పనిచేసే రూపం పీఎల్‌పీ అంటారు, పైరిడాక్సల్ ఫాస్ఫేట్. అమైనో ఆసిడ్లని ఒకదాన్నుంచి ఇంకోదానిగా మార్చే ఎంజైములు వందకి పైగా దీన్ని చేతిలో పట్టుకునే పనిచేస్తాయి. అది లేకపోతే ప్రోటీన్ల తయారీకి ముడిసరుకే ఉండదు, అమైనో ఆసిడ్లు తయారుకావు, ఉన్నవాటిని మార్చుకోలేదు, ఇంక పెరగడమెలా. మనకి ఆ బి6 తయారుచేసుకునే జీన్ లేదు కాబట్టి తిండిలో రావాలి, ఫంగస్‌కి ఉంది కాబట్టి అది చక్కెర, లవణాలు ఇస్తే చాలు మిగతాది తనే వండుకుంటుంది. పైరోఏ4లో ఆ వంట చేసే జీన్ చెడిపోయింది. అంతే. అది బతకలేక కాదు, ఆ ఒక్క దినుసు దొరక్క.

పల్చటి పోగులంటావా, నువ్వు స్పోర్లు (బూజుకి విత్తనాల్లాంటివి) తెచ్చింది ఏ ప్లేట్ మీద నుంచి? కంప్లీట్ మీడియం (అన్నీ ఉన్న ఆగర్) మీద నుంచే కదా. అందులో ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటుంది, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నిండా బి విటమిన్లే. స్పోర్లు కడుపులో కొంచెం దాచుకుని వస్తాయి, టూత్‌పిక్‌తో పాటు కొంచెం వస్తుంది, ఆగర్లో కూడా పిసరంత మలినం ఉండొచ్చు. అదయ్యేదాకా పెరిగి ఆగిపోతుంది. ఈసారి స్పోర్లని స్టెరైల్ నీళ్ళలో టూ, త్రీ టైమ్స్ కడిగి పెట్టి చూడు, ఆ పోగులు ఇంకా తగ్గుతాయి. లీటర్ మీడియానికి బి6 అర మిల్లీగ్రామ్ వేస్తే సరిపోతుంది, మేం వేసేది అదే.

తెల్లబూజు
థాంక్యూ అన్నా! లీటర్‌కి అర మిల్లీగ్రామేనా? చిటికెడు కూడా కాదు కదా. అంత తక్కువకి అంత తేడా అంటే నమ్మబుద్ధి కావట్లేదు.

ల్యాబ్‌లో రాత్రులు
అందుకే కదా విటమిన్ అంటాం. కూరలో ఉప్పులాంటిది కూడా కాదు, ఇంకా తక్కువ. ఒక పీఎల్‌పీ అణువు ఎంజైములో కూర్చుని ఒకే పని వేలసార్లు చేస్తుంది, ఖర్చైపోదు. కాబట్టి కొంచెం చాలు. కానీ ఆ కొంచెం సున్నా ఐతే కుదరదు.

పాత మాస్టారు
ఈ ప్రశ్న అడిగిన అమ్మాయికి నా ఆశీస్సులు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళకి పైగా బోటనీ చెప్పాను, జెనెటిక్స్ పాఠంలో నాకు ప్రాణం ఈ భాగమే, ఎందుకంటే "జీన్ ఏం చేస్తుంది" అనే ప్రశ్నకి మనుషులకి దొరికిన తొలి గట్టి జవాబు నీ చేతిలో ఉన్న ప్లేట్ లాంటి ప్లేటే, సరిగ్గా ఇదే విటమిన్, బి6.

1941 సంగతి. స్టాన్‌ఫర్డ్‌లో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్. బీడిల్ నెబ్రాస్కాలో వాహూ అనే చిన్న ఊరి రైతు బిడ్డ. అంతకుముందు పండు ఈగల కళ్ళ రంగు ఏ రసాయనంతో వస్తుందో పట్టుకోవాలని ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, ఒక్కో రసాయనం పట్టుకోవడానికి ప్రాణం పోయేది. అప్పుడు టేటమ్ క్లాసు చెప్తుంటే వింటూ కూర్చున్న బీడిల్‌కి ఆలోచన తిరగబడింది. జీన్ తెలిసి దాని రసాయనం వెతకడం కాదు, రసాయనం తెలిసి దాని జీన్ వెతుకుదాం అని. అందుకు న్యూరోస్పోరా అనే నారింజ రంగు బూజుని ఎంచుకున్నారు. అది చక్కెర, లవణాలు, బయోటిన్ అనే ఒక్క విటమిన్ ఇస్తే చాలు మిగతావన్నీ తనే చేసుకుంటుంది, అంటే బయోటిన్ మాత్రం అది చేసుకోలేదు, అది కూడా గమనించు.

ఎక్స్‌రేలు కొట్టారు, జత కలిపారు, ఒక్కొక్క స్పోరుని విడిగా తీసి అన్నీ ఉన్న మీడియంలో పెంచారు, తర్వాత దాన్నుంచి కొంచెం తీసి మినిమల్‌లో వేశారు. అక్కడ పెరగనిది దొరికితే, దానికి విటమిన్లు ఒక్కొక్కటిగా ఇచ్చి చూస్తారు. దొరక్కపోతే 5000 దాకా చూసి మానేద్దాం అనుకున్నారు. 299వ ట్యూబులో దొరికింది. అది పైరిడాక్సిన్ ఇస్తేనే పెరిగింది. ఆ తర్వాత థయామిన్ (బి1) లో థయజోల్ అనే ముక్క చేసుకోలేనిది ఒకటి, పారా అమైనో బెంజాయిక్ ఆసిడ్ (పాబా) చేసుకోలేనిది ఒకటి.

ఇక్కడే అసలైన అందం ఉంది. పెరగట్లేదు అంటే ఏదో జబ్బు కావచ్చు, ఎక్స్‌రే దెబ్బకి కణం నీరసించి ఉండొచ్చు, ఒక్క జీన్ అని ఎలా చెప్తారు? మామూలు దానితో జత కలిపారు. న్యూరోస్పోరాలో జత కలిసాక స్పోర్లు ఎనిమిది, అలసంద కాయలో గింజల్లాగా వరసగా ఒక సంచిలో ఉంటాయి. ఒక్కో సంచిని మైక్రోస్కోప్ కింద సూదితో విప్పి, వరస తప్పకుండా ఎనిమిదీ ఎనిమిది ట్యూబుల్లో వేశారు. నాలుగు బి6 లేకుండా పెరిగాయి, నాలుగు పెరగలేదు. నాలుగూ నాలుగూ వచ్చిందంటే ఒక్కటే జీన్. క్లాసులో ఇది చెప్పేటప్పుడు నేను బల్ల మీద ఎనిమిది కందిగింజలు వరసగా పెట్టి చూపించేవాణ్ణి, వెనక బెంచీ పిల్లలు కూడా లేచి ముందుకొచ్చేవారు. 1958లో వాళ్ళిద్దరికీ నోబెల్, జోషువా లెడర్‌బర్గ్‌తో కలిపి.

సందేహం
మాస్టారూ చాలా బాగా చెప్పారు. నేను సైన్స్ చదవలేదు, బ్యాంకులో పనిచేస్తా, ఐనా చదువుతున్నా. ఒక డౌటు. అంటే బి6 ఎంత ఎక్కువ వేస్తే ఫంగస్ అంత ఎక్కువ పెరుగుతుందా? మా ఇంట్లో పుట్టగొడుగుల బెడ్లు వేస్తాం, విటమిన్ బిళ్ళలు కరిగించి పోస్తే దిగుబడి పెరుగుతుందా అని.

పాత మాస్టారు
పెరగదు బాబూ. మామూలు ఫంగస్ తనకి కావాల్సిన బి6 తనే చేసుకుంటుంది, పైన పోసినా దానికి అక్కర్లేదు. మ్యుటెంట్‌కైతే కొంచెం వేస్తే కొంచెం, ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం పెరుగుతుంది, ఒక హద్దు దాకా. ఆ తర్వాత ఎంత పోసినా మామూలు దానితో సమానంగా పెరుగుతుందే కానీ దాటదు. ఆ హద్దు లోపల పెరుగుదల విటమిన్ మోతాదుకి తగ్గట్టు ఉంటుంది కాబట్టే 1943లో ఆ 299 స్ట్రెయిన్‌నే తూకంరాయిలాగా వాడారు, తిండి పదార్థాల్లో బి6 ఎంతుందో కొలవడానికి. ఏ తిండి రసం వేస్తే బూజు ఎంత బరువు పెరిగిందో చూసి బి6 లెక్క కట్టేవాళ్ళు. మంచి మిషన్లు లేని రోజుల్లో ఆ బూజే మిషను.

పెరుగుదల కొలవడానికి ఇంకో పద్ధతి కూడా బీడిల్ వాళ్ళదే, పొడవాటి గాజు గొట్టం అడ్డంగా పడుకోబెట్టి అందులో మీడియం పోసి ఒక చివర బూజు పెడతారు, అది రెండో చివరకి పాక్కుంటూ వెళ్తుంది, పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత గీస్తే వేగం తెలిసిపోతుంది. న్యూరోస్పోరా 25 డిగ్రీల్లో గంటకి మూడు నాలుగు మిల్లీమీటర్లు పాకుతుంది. మా కాలేజీలో బోర్‌వెల్ నీళ్ళ పైపంత గొట్టం కూడా దొరక్క నేను టెస్ట్‌ట్యూబులు రెండు వంచి అతికించి చేయించాను. అంత వేగంగా కదిలే ప్రాణి కళ్ళముందు కదులుతుంటే పిల్లలు చూసి మర్చిపోరు.

గోదారి గట్టు
మాస్టారు నారింజ రంగు బూజు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మాది పాలకొల్లు దగ్గర. చిన్నప్పుడు చెరకు నరికాక చేలో చెత్త తగలబెట్టేవాళ్ళు కార్శి (మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంట) కోసం, మూడు నాలుగు రోజులకి కాలిన మోళ్ళ మీద నారింజ రంగు పొడి పూసేది, చేత్తో ముట్టుకుంటే వేళ్ళకి పసుపు కుంకుమ కలిపినట్టు అంటేది. అమ్మ "ముట్టుకోకురా" అనేది. అది న్యూరోస్పోరానే అని నాకు పీజీలో తెలిసింది. జత కలిశాక వచ్చే దాని స్పోర్లు మామూలుగా నిద్రలో ఉంటాయి, 60 డిగ్రీల వేడి తగిలితేనే లేస్తాయి, అందుకే మంటలయ్యాక కనిపిస్తాయి. బెంగళూరు ఐఐఎస్సీలో రమేశ్ మహేశ్వరి గారు 1990ల్లో చెరకు చేలల్లోనే దీని జీవితం మొత్తం గమనించి రాశారు.

ఇంకా చెప్తా వినండి. స్టాన్‌ఫర్డ్‌లోనే తర్వాత డేవిడ్ పెర్కిన్స్ ప్రపంచమంతా నుంచి ఈ బూజు సేకరించి పెట్టారు, ఊరి పేర్లతోనే స్ట్రెయిన్లకి పేర్లు పెట్టారు. అందులో ఒకటి లంకల కోడేరు! మా పక్క ఊరు. మొదటిసారి ఓ పేపర్లో ఆ పేరు చూసినప్పుడు మళ్ళీ మళ్ళీ చదువుకున్నా, మా నాన్నకి ఫోన్ చేసి చెప్పా. హైదరాబాద్ సీసీఎంబీలో దుర్గాదాస్ కస్బేకర్ గారి ల్యాబ్ కూడా చాలా ఏళ్ళు న్యూరోస్పోరా మీదే పనిచేసింది. మన పొలాల్లో పూసే బూజు, మన దగ్గర చదివే పిల్లలకి ఫొటోలో మాత్రమే కనపడటం నాకు నిజంగా బాధేస్తుంది.

సందేహం
లంకల కోడేరా! మా అత్తారి ఊరికి ఐదు కిలోమీటర్లు. ఈసారి వెళ్తే చెరకు చేలో చూస్తా.

కందుకూరోడు
అన్నలూ అక్కలూ ఈ కథకి రెండో సగం ఉంది, నేను చెప్పకపోతే నిద్ర పట్టదు. మాది పొగాకు ఇల్లు, బ్యారన్ (పొగాకు ఆకు వేడికి ఆరబెట్టే కొట్టు) ముందే పెరిగా. పొగాకు ఆకు మీద కప్పకన్ను మచ్చ అని ఒక తెగులుంటుంది, గోధుమరంగు గుండ్రటి మచ్చ, మధ్యలో తెల్లగా, నిజంగా కప్ప కన్ను లాగే ఉంటుంది. ఆ మచ్చ పడ్డ ఆకుకి రేటు రాదు. నాన్న ఆకుల్ని గ్రేడ్ చేస్తూ అలాంటివి విడిగా పక్కన పడేసేవాడు. ఆ ఫంగస్ పేరు సెర్కోస్పోరా నికోషియానే.

అది సెర్కోస్పోరిన్ అనే ఎర్రటి విషం వదులుతుంది. దాని పని వెలుతుర్లోనే. ఎండ తగిలితే మామూలు ఆక్సిజన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అనే మండిపడే రకంగా మార్చేస్తుంది, అది ఆకు కణాల పొరల్ని చీల్చేస్తుంది, అందులోంచి కారే తిండి ఫంగస్ తింటుంది. మరి అదే విషం ఫంగస్ చుట్టూ కూడా ఉంటుంది కదా, అది ఎందుకు చావట్లేదు? ఈ ప్రశ్న పట్టుకుని అమెరికా నార్త్ కరోలైనాలో, అది కూడా పొగాకు రాష్ట్రమే, మార్గరెట్ డౌబ్ ల్యాబ్ వాళ్ళు ఏళ్ళు పనిచేశారు. తన విషానికి తనే చచ్చిపోయే మ్యుటెంట్లు తీశారు, అందులో ఏ జీన్ పోయిందో వెతికి దానికి ఎస్ఓఆర్1 అని పేరు పెట్టారు, సింగ్లెట్ ఆక్సిజన్ రెసిస్టెన్స్ అని.

చూస్తే ఆ జీన్ బ్యాక్టీరియా నుంచి మొక్కల దాకా చాలా జీవుల్లో దాదాపు ఒకేలా ఉంది, కానీ అది అసలు ఏం చేస్తుందో ఎక్కడా తెలియదు. 1999లో తేలింది. ఆ మ్యుటెంట్‌కి పైరిడాక్సిన్ ఇస్తేనే పెరుగుతుంది! ఎస్ఓఆర్1 అంటే బి6 తయారుచేసే జీనే. మాస్టారు చెప్పిన 1941 నాటి విటమిన్, 58 ఏళ్ళ తర్వాత ఇంకో గుమ్మంలోంచి వచ్చింది. పైగా టెస్ట్‌ట్యూబులో కొలిస్తే బి6 సింగ్లెట్ ఆక్సిజన్ని చల్లార్చడంలో విటమిన్ సి, ఇ లకి తీసిపోదు. అప్పటిదాకా బి6 అంటే ఎంజైముకి సాయం అని మాత్రమే చదువుకున్నాం.

ల్యాబ్‌లో రాత్రులు
కందుకూరు తమ్ముడూ సూపర్ చెప్పావ్. ఇంకో మాట కలుపుతా, అదే 1999లో ఆస్మానీ వాళ్ళు ఈ అమ్మాయి చేతిలో ఉన్న ఫంగస్‌లోనే, పైరోఏ జీన్ మీదే, అదే చూపించారు. పైరోఏ, ఎస్ఓఆర్1 రెండూ ఒకటే కుటుంబం. పైరోఏ పోతే బి6 కావాలి, కాంతితో ఆక్సిజన్ని రెచ్చగొట్టే రంగుపదార్థాలకి కూడా ఓర్చుకోలేదు. ఐతే వాళ్ళు ఇక్కడ "పరోక్షంగా" అనే మాట వాడారు, నాకు ఆ మాట చాలా ఇష్టం. బి6 స్వయంగా కవచంలా అడ్డుపడుతోందా, లేక బి6 లేక నీరసించిన కణం దెబ్బ తట్టుకోలేకపోతోందా, ఈ రెండూ వేరు. ట్యూబులో చల్లారుస్తుంది కాబట్టి కణంలోనూ అదే చేస్తుందని ఎగిరి గంతేయకూడదు. మా ల్యాబ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే, జీన్ తీసేసినప్పుడు ఏది ఆగిందో అది ఆ జీన్ పని అని వెంటనే రాయకండి అని.

ఇంకొకటి, ఈ.కోలై బ్యాక్టీరియా బి6 ని వేరే దారిలో చేసుకుంటుంది. టెక్స్ట్‌బుక్కుల్లో ఏళ్ళ తరబడి ఉన్నది ఆ దారే. ఫంగస్, మొక్కల దారి ఈ జీన్ ద్వారానే బయటపడింది. ఇందులో ఇద్దరు జతగాళ్ళు. ఒకడు గ్లూటమైన్ నుంచి అమ్మోనియా పీకి ఇస్తాడు, రెండోవాడు, అదే పైరోఏ కుటుంబంవాడు, ఆ అమ్మోనియాని రెండు చక్కెర ముక్కలకి కలిపి నేరుగా పీఎల్‌పీ చేసేస్తాడు. ఇలాంటివి పన్నెండు జతలు ఒక గుండ్రటి గుత్తిగా అమరి ఉంటాయి.

మందుల షాపు
నేను ఫార్మసీ చదివి షాపు నడుపుతున్నా. టీబీ మందులు తీసుకెళ్ళేవాళ్ళకి ఐసోనయజిడ్‌తో పాటు బి6 బిళ్ళ ఎందుకిస్తారని రోజూ అడుగుతారు. ఆ మందు ఒంట్లో బి6 ని పనికి రాకుండా చేస్తుంది, అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు వస్తాయి, అందుకు. నేను ఇన్నేళ్ళూ ఇంతవరకే చెప్పేవాణ్ణి. ఈ థ్రెడ్ చదివాక వెతికితే టీబీ బ్యాక్టీరియాకి కూడా ఈ ఫంగస్ దారి జీనే ఉందని, అది తీసేస్తే ఎలుకల్లో జబ్బు కలిగించలేదని 2010లో చూపించారని తెలిసింది. మలేరియా పరాన్నజీవిలో కూడా ఉందట. మనకి ఆ జీన్ లేదు కదా, ఐతే దాన్ని కొట్టే మందు చేస్తే మనకి దెబ్బ తగలదు కదా?

ల్యాబ్‌లో రాత్రులు
ఆ ఆలోచన చాలామందికి వచ్చింది సార్, పనీ జరుగుతోంది. కానీ ఒక చిక్కు. మన రక్తంలో బి6 ఉంటుంది కదా. సూక్ష్మజీవి దాన్ని లాక్కోగలిగితే తను చేసుకోకపోయినా బతుకుతుంది, అచ్చం ఆ అమ్మాయి మ్యుటెంట్ కంప్లీట్ మీడియంలో బతికినట్టు. ఎలుకల్లో టీబీది బతకలేదు అంటే అక్కడ దానికి సరిపడా దొరకలేదన్నమాట. ప్రతి జీవికీ విడిగా చూడాల్సిందే.

గోదారి గట్టు
విటమిన్ చేసే జీన్, పెరుగుదల అన్నారు కాబట్టి ఒక్క ముక్క. అష్బియా గాసిపీ అని పత్తి కాయల్ని పాడుచేసే ఫంగస్, దాన్ని బి2 తయారీకి వాడతారు ఫ్యాక్టరీల్లో. అది ఎదుగుదల నెమ్మదించాక బి2 పోగేస్తుంది, పోగులు పచ్చగా నిమ్మపండు రంగుకి తిరుగుతాయి. ఇక్కడ పెరుగుదల ఆగాక విటమిన్, అక్కడ విటమిన్ లేక పెరుగుదల ఆగటం. ఒకటే లెక్క అనుకుని పొరపడొద్దు.

పాత మాస్టారు
అమ్మా తెల్లబూజూ, నీకో ప్రయోగం చెప్తాను, ఖర్చులేనిది. మినిమల్ ఆగర్ కరిగించి గోరువెచ్చగా అయ్యాక మ్యుటెంట్ స్పోర్లు కడిగినవి అందులో కలిపి ప్లేట్ పొయ్యి. గట్టిపడ్డాక ప్లేట్ వెనక పెన్నుతో నాలుగు భాగాలు గీసి, ఒక్కో దాంట్లో ఒక్కో విటమిన్ కలిపిన పల్చటి నీళ్ళు ఒక్క చుక్క పెట్టు. ఏది తక్కువైందో దాని చుట్టూ మాత్రమే బూజు పూస్తుంది. ఆక్సనోగ్రఫీ అంటారు. రైబోఫ్లేవిన్ (బి2) సీసాకి ఫాయిల్ చుట్టు, వెలుతురు తగిలితే చెడిపోతుంది.

తెల్లబూజు
సారీ లేటయింది, ఐదు రోజులు పట్టింది. మాస్టారు చెప్పినట్టే చేశా. బయోటిన్, రైబోఫ్లేవిన్, పాబా, పైరిడాక్సిన్ నాలుగు చోట్ల పెట్టా. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు పొద్దున్నే హాస్టల్లో టిఫిన్ కూడా తినకుండా ల్యాబ్‌కి వెళ్ళి ఇంక్యుబేటర్ తీశా. మూడు భాగాలు అద్దంలా ఖాళీ. నాలుగో దాంట్లో పైరిడాక్సిన్ పెట్టిన చుక్క చుట్టూ గుండ్రంగా తెల్లటి నూగు, దగ్గర ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పల్చగా, అంచు దగ్గర అక్కడక్కడ ఒక్కొక్క కాలనీ, సాయంత్రానికి మధ్యలో ఆకుపచ్చ తిరిగింది. మాస్టారు చెప్పిన మోతాదుకి తగ్గ పెరుగుదల అంటే ఇదే కదా, ఒకే ప్లేట్ మీద కనపడుతోంది. కడిగిన స్పోర్లు విడిగా పెట్టిన ప్లేట్ మీద ఆ సాలెగూడు పోగులు కూడా చాలా తగ్గాయి అన్నా.

సీనియర్ని పిలిచి చూపించా, ఆయన కూర్చుని పది నిమిషాలు చూశారు. ఇప్పుడు మిథిలీన్ బ్లూ (అన్న చెప్పిన, కాంతితో ఆక్సిజన్ని రెచ్చగొట్టే రంగుల్లో ఒకటి) వేసి, బి6 బాగా వేసిన ప్లేట్లు, హద్దుకి కొంచెం తక్కువ వేసిన ప్లేట్లు చేస్తున్నా, మామూలు స్ట్రెయిన్ కూడా పక్కనే. ప్రతిదాంట్లో ఒకటి ట్యూబ్‌లైట్ కింద, ఒకటి ఫాయిల్ చుట్టి. సాయంత్రమే పోశా, ఆగర్ గట్టిపడుతోంది.